చిన్నమెదడులో సిస్టు ఉన్న గడ్డ: నీరు లాగేస్తే సరిపోదా?

మీరు రాసినదాని సారం ఇది. తొమ్మిదేళ్ల మేనకోడలిని హిందూపురం నుంచి బెంగళూరు తీసుకొచ్చారు. రెండు నెలలుగా పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి. ఈమధ్య నడకలో తూలు కూడా మొదలైంది. ఎమ్మారైలో చిన్నమెదడు కుడివైపు నాలుగున్నర సెంటీమీటర్ల సిస్టు (నీటి తిత్తి), దాని గోడకు అతుక్కుని చిన్న గడ్డ, పైన వెంట్రికల్స్ (మెదడు లోపల నీరు ఉండే గదులు) ఉబ్బి ఉన్నాయని వచ్చింది. సోమవారం అడ్మిషన్, అంతవరకు మడివాళలో చుట్టాలింట్లో ఉన్నారు. మీ ప్రశ్నలు మూడు. ఉన్నది నీరే కదా, సూదితో లాగేస్తే పోయేదానికి తల తెరవడం ఎందుకు? ఓపీలో కలిసిన ఇంకో పిల్లాడికి తలచర్మం కింద చిన్న డబ్బీ పెట్టి నీరు తీస్తున్నారు, మా పాపకు అలా ఎందుకు చేయరు? ఆపరేషన్‌తో ఏమేం ఇబ్బందులు రావచ్చు, షంట్ (తలలో నీటిని కడుపులోకి మళ్లించే గొట్టం) వేస్తే జీవితాంతం ఉండాల్సిందేనా?

ముందు సోమవారం దాకా ఇంట్లో ఏం గమనించాలో చెప్తాను. మిగతావన్నీ నిదానంగా చదువుకోవచ్చు, ఇది మాత్రం ఈ పూటే తెలియాలి.

చిన్నమెదడు ఉండే చోటు పుర్రెలో వెనక, కింద, చాలా ఇరుకు. దాని ముందే నాలుగో వెంట్రికల్ ఉంటుంది. మెదడు లోపల తయారయ్యే సీఎస్ఎఫ్ అనే నీరు బయటికి వచ్చే దారి అదే. పెద్దవాళ్లలో ఈ నీరు గంటకు 20 మి.లీ., అంటే రోజుకు అర లీటరు దాకా ఊరుతుంది. దారి మూసుకుపోయినా ఊరడం ఆగదు. అందుకే పైన వెంట్రికల్స్ ఉబ్బుతాయి. పాప తలలో ఇప్పుడు రెండు వేర్వేరు నీళ్లు ఒత్తుతున్నాయి: సిస్టులోది ఒకటి, వెంట్రికల్స్‌లో నిలిచిపోయిన సీఎస్ఎఫ్ ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే మీ ప్రశ్నల్లో సగం పుట్టాయి.

పాప మగతగా ఉండి, లేపితే లేచి మళ్లీ పడుకుంటూ ఉంటే, ఆగకుండా వాంతులు అవుతుంటే, కొత్తగా మెల్లకన్ను వచ్చినా ఒకటి రెండుగా కనిపిస్తోందన్నా, మెడ ఒకవైపు వంచి పట్టుకుని తిప్పనివ్వకపోయినా సోమవారం కోసం చూడకండి. మెడ బిగుసుకోవడం అంటే చిన్నమెదడు కింది భాగం పుర్రె అడుగు రంధ్రంలోకి దిగుతోందని అర్థం కావచ్చు. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: ఒత్తిడి బాగా పెరిగినప్పుడు పిల్లలు చేతులు కాళ్లు చాచి, వీపు విల్లులా వంచి బిగుసుకుపోతారు. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు, దగ్గర్లోని క్లినిక్‌లో ఫిట్స్ ఇంజెక్షన్ వేసి పడుకోబెడతారు. చిన్నమెదడు గడ్డలు మామూలుగా ఫిట్స్ తెప్పించవు. అలా బిగుసుకుంటే అది మెదడు కాండం (ఊపిరి, గుండెను నడిపే భాగం) నొక్కుకుపోతున్న గుర్తు. నాడి నెమ్మదించడం, బీపీ పెరగడం, ఊపిరి తీరు మారడం దాని తర్వాతి మెట్లు, అప్పటికి మిగిలేది నిమిషాలే. మడివాళ నుంచి నిమ్హాన్స్ క్యాజువాల్టీ దూరం కాదు, అది 24 గంటలూ తెరిచే ఉంటుంది. మీరు చూపించుకుంటున్నది వేరే ఆసుపత్రి అయినా దాని ఎమర్జెన్సీ నంబరు ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి. ఎమ్మారై సీడీ, రిపోర్టు ఒక సంచిలో తలుపు దగ్గరే ఉంచండి. మత్తు ఇచ్చే దగ్గు సిరప్పులు, నిద్రమాత్రలు వేయకండి. జ్వరం, మెడనొప్పి చూసి ఎవరైనా వెన్నులోంచి నీరు తీసి పరీక్షిద్దామంటే ముందు ఈ స్కాన్ చూపించండి. పైన ఒత్తిడి ఉండగా కింద నీరు తీస్తే చిన్నమెదడు కిందికి జారుతుంది.

అమావాస్య వెళ్లాక చేయించుకుందాం, ఆషాఢం పోనిద్దాం అని ఇంట్లో పెద్దవాళ్లు అనవచ్చు. వాళ్ల భయం అర్థం చేసుకోదగినదే. కానీ వెంట్రికల్స్ ఉబ్బిన పిల్లకు తేదీ నిర్ణయించేది పుర్రెలో మిగిలిన చోటు మాత్రమే.

ఇక అసలు విషయం. సిస్టున్న గడ్డ ఏదైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఆ నీటిని ఎవరు తయారు చేస్తున్నారు? దీనికి జవాబు తెలిస్తే ఆపరేషన్ ఎందుకో, డబ్బీ ఎవరికో, మళ్లీ నిండుతుందో లేదో అన్నీ దాని వెంటే తెలుస్తాయి.

మీ పాప వయసులో, చిన్నమెదడు పక్క భాగంలో, సిస్టు గోడకు ఒక నాడ్యూల్ (చిన్న గట్టి గడ్డ) ఉందంటే ముందుగా అనుకునేది పైలోసిటిక్ ఆస్ట్రోసైటోమా. డబ్ల్యూహెచ్ఓ లెక్కలో గ్రేడ్ 1, అంటే నిదానంగా పెరిగేది. దీనిలో నీరు ఊరేది నాడ్యూల్ నుంచి. అందులోని రక్తనాళాలు గట్టివి కావు, ప్రోటీన్ నిండిన ద్రవం వాటిలోంచి కారి పక్కన చేరుతుంది. ఆ నీరు పసుపు రంగులో ఉంటుంది, గిన్నెలో కాసేపు ఉంచితే జిగటగా గడ్డకడుతుంది కూడా. సిస్టు చుట్టూ ఉన్న గోడ చాలాసార్లు గడ్డ కానే కాదు, ఒత్తుకుపోయిన మామూలు మెదడే. కాబట్టి సూదితో నీరు లాగితే కొన్నాళ్లు పాప తేలికపడుతుంది, నాడ్యూల్ అక్కడే ఉంది కనుక మళ్లీ నిండుతుంది. ఊట ఉన్న బావిని తోడినట్టే. పైగా ప్రతి సూదికీ రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ రిస్కు కొత్తగా ఉంటుంది. నాడ్యూల్‌ను పూర్తిగా తీసేస్తే సిస్టు దానంతట అదే ముడుచుకుపోతుంది. పూర్తిగా తీయగలిగిన పిల్లల్లో పదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు నూటికి తొంభై మందికి పైనే. మెదడు గడ్డల్లో ఇంత మంచి ఫలితం ఇచ్చేవి తక్కువ. భయం మధ్యలో ఈ మాట మీ అక్కగారికి తప్పక చెప్పండి.

ఇదే బొమ్మ, అంటే సిస్టు, గోడకు నాడ్యూల్, ముప్పై నలభై ఏళ్లవాళ్ల చిన్నమెదడులో కనిపిస్తే ముందు అనుమానించేది హీమాంజియోబ్లాస్టోమా. అది రక్తనాళాల ముద్ద. అందులోకి కత్తి పెట్టి ముక్క తీయకూడదు, చుట్టూ తిరిగి రక్తనాళాలను ఒక్కొక్కటిగా మూసి మొత్తంగా బయటికి తీయాలి. సగంలో కోస్తే రక్తం ఆపడం కష్టం. ఇలాంటివాళ్లలో సుమారు నాలుగింట ఒకరికి వాన్ హిప్పెల్ లిండావ్ అనే వంశపారంపర్య జబ్బు ఉంటుంది. అందుకే కంటి రెటీనా, కిడ్నీలు, వెన్నుపాము కూడా చూడాలి. ముఖ్యంగా అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా (బీపీ పెంచే గడ్డ) లేదని ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. అది ఉండగా మత్తు ఇస్తే బీపీ అదుపు తప్పి ప్రాణం మీదికి వస్తుంది. మీ పాప విషయంలో ఇది వెనక వరసలో ఉన్న అనుమానమే. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో కిడ్నీ గడ్డ, చూపు పోవడం, ఇలాంటి మెదడు గడ్డ ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి.

రిపోర్టులో ఈ రెండు మాటలు వెతకండి. ఒకటి, కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే స్కాన్ మందు) ఇచ్చాక సిస్టు గోడ స్కాన్‌లో వెలిగిందా లేదా. నాడ్యూల్ మాత్రమే వెలిగి గోడ వెలగకపోతే నాడ్యూల్ తీస్తే చాలు. గోడ మందంగా వెలిగితే గోడలో కూడా గడ్డ ఉండవచ్చు, దాన్నీ తీయాల్సి రావచ్చు. పలుచగా, సన్నని గీతలా వెలిగితే సర్జన్ లోపల చూసి నిర్ణయించుకుంటారు. రెండు, డిఫ్యూజన్ అనే ఎమ్మారై చిత్రం గురించి ఏమని రాశారు. సిస్టు లోపలి ద్రవమే డిఫ్యూజన్‌లో తెల్లగా మెరిస్తే చీము గడ్డ అనుమానం వస్తుంది, దానికి వైద్యం పూర్తిగా వేరు. గట్టి భాగం అలా మెరిస్తే మెడులోబ్లాస్టోమా లాంటి వేగంగా పెరిగేదేమో అని చూస్తారు, అప్పుడు వెన్నుపాము మొత్తానికి కాంట్రాస్ట్ ఎమ్మారై ముందే తీయించడం మంచిది. మన దేశంలో మెదడులో సిస్టు అనగానే బద్దెపురుగు (టేప్‌వార్మ్) సిస్టు, టీబీ గడ్డ కూడా లెక్కలోకి వస్తాయి. బద్దెపురుగు సిస్టు సాధారణంగా రెండు సెంటీమీటర్ల లోపు, లోపల చుక్కలా పురుగు తల కనిపిస్తుంది. నాలుగున్నర సెంటీమీటర్ల సిస్టు, వెలిగే నాడ్యూల్ ఉన్నప్పుడు పురుగుల మందు ఆల్బెండజోల్ వాడి చూద్దామని ఎవరైనా అంటే వినకండి.

ఆపరేషన్ ముందు ఇచ్చే మందుల గురించి కొంచెం. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ గడ్డ చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది, సిస్టులోని నీటిని కాదు. రెండో రోజుకే పాప హుషారుగా అన్నం అడుగుతుంది, తగ్గిపోయిందని అనిపిస్తుంది. తగ్గలేదు. పెద్దవాళ్లకు రోజుకు 4 నుంచి 16 మి.గ్రా. దాకా, పిల్లలకు బరువును బట్టి ఇస్తారు. కడుపులో మంట, షుగర్ పెరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు దాని వల్లే. కొన్ని రోజులు వాడాక ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. తలలో ఒత్తిడి తగ్గించే మానిటాల్ కిలోకు 0.25 నుంచి 1 గ్రాము. 20 శాతం బాటిల్లో 100 మి.లీ.లో 20 గ్రాములు ఉంటుంది కాబట్టి 25 కిలోల పాపకు 30 నుంచి 125 మి.లీ. వస్తుంది. అది కొన్ని గంటల ఊపిరి మాత్రమే, థియేటర్ సిద్ధమయ్యేలోపు వాడే మందు. ఫిట్స్ మందు చిన్నమెదడు గడ్డకు మామూలుగా అవసరం లేదు. చీటీలో ఉంటే ఎందుకని అడగండి.

ఉబ్బిన వెంట్రికల్స్ సంగతి. పాప మెలకువగా, కుదురుగా ఉంటే స్టెరాయిడ్ ఇచ్చి ఒకటి రెండు రోజుల్లో నేరుగా గడ్డ తీయడమే మంచి దారి. గడ్డ పోతే సీఎస్ఎఫ్ దారి తెరుచుకుంటుంది, చాలామంది పిల్లలకు ఆ తర్వాత ఏ ట్యూబూ అక్కర్లేదు. పాప మగతలోకి వెళ్తుంటే ముందు ఈవీడీ వేస్తారు. వెంట్రికల్‌లోకి సన్నని గొట్టం, బయట స్టాండుకు వేలాడే, నీరు చేరే గొట్టపు బుట్ట. లేదంటే ఎండోస్కోపుతో మూడో వెంట్రికల్ అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి పక్కదారి ఇస్తారు, దాన్ని ఈటీవీ అంటారు.

ఈవీడీ ఉన్నప్పుడు వార్డులో పక్కన కూర్చునేవాళ్లు తెలుసుకోవాల్సింది చాలా ఉంది, ఎవరూ విడమర్చి చెప్పరు. ఆ బుట్ట ఎత్తును చెవి రంధ్రం మట్టం నుంచి కొలుస్తారు, సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్లు పైన. పాపను కూర్చోబెట్టినా, మంచం తల వైపు ఎత్తినా మట్టం మారిపోతుంది. బుట్ట మరీ కిందికి అయితే నీరు ధారగా పోతుంది. వెనక భాగంలో గడ్డ ఉన్న పిల్లల్లో ఇది మామూలు కంటే ప్రమాదం: పైన ఒత్తిడి ఒక్కసారి తగ్గితే చిన్నమెదడు పైకి ఎగదన్నుతుంది, నిమిషాల్లో స్పృహ పోవచ్చు. అందుకే గడ్డ తీసేముందు బుట్టను ఎత్తుగానే పెట్టి కొద్దికొద్దిగా వదులుతారు. కదిలించేముందు సిస్టర్‌ను పిలిచి క్లాంప్ మూయించండి, కదిలించాక తెరిచారో లేదో చూడండి. మూసి మరిచిపోతే వెంట్రికల్స్ మళ్లీ ఉబ్బుతాయి. గంటకు ఎంత వచ్చిందో రాస్తారు. రెండు గంటలు ఏమీ రాకపోయినా, రంగు ఎర్రబడినా, మబ్బుగా మారినా చెప్పండి. రోజులు గడిచే కొద్దీ ఇన్‌ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది కనుక అవసరం తీరగానే తీసేయమనే అడగాలి.

ఆపరేషన్ ఎలా సాగుతుందంటే, పాపను బోర్లా పడుకోబెట్టి తలను పిన్నులతో కదలకుండా పడతారు. మెడ వెనక కోత పెట్టి ఎముక పలకను తీస్తారు. మెదడు పొర బిగుతుగా ఉంటే దాన్ని వెడల్పుగా తెరవకముందే చిన్న రంధ్రంలోంచి సిస్టు నీరు కొంత నిదానంగా వదులుతారు, లేకపోతే చిన్నమెదడు బయటికి ఉబికి వచ్చేస్తుంది. మొత్తం నీరు ఒకేసారి తీయరు. సిస్టు పూర్తిగా ముడుచుకుపోతే నాడ్యూల్ ఏ మూలన ఉందో గుర్తుపట్టడం కష్టం. తర్వాత మైక్రోస్కోపు కింద నాడ్యూల్‌ను పీల్చి, విడదీసి తీస్తారు. లోపలి గోడ అంతా తిరిగి చూస్తారు. పొరను నీరు కారకుండా కుట్టి, ఎముకను తిరిగి పెట్టేస్తారు. 25 కిలోల పిల్ల ఒంట్లో రక్తం మొత్తం సుమారు 1.8 లీటర్లే. 200 మి.లీ. పోతే పదో వంతు పోయినట్టు. రక్తదాతలను ముందే సిద్ధం చేయమనేది అందుకే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నాడ్యూల్ మెదడు కాండానికి అతుక్కుని ఉంటే అంటుకున్న పలుచని పొరను సర్జన్ కావాలనే వదిలేయవచ్చు. గుటక వేసే నరాలు దెబ్బతిని జీవితాంతం గొట్టంతో తినడం కంటే ఆ పొరను స్కాన్లతో కనిపెట్టుకుని ఉండటం వంద రెట్లు నయం. గ్రేడ్ 1 గడ్డలో మిగిలిన ముక్క ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు, కొన్నిసార్లు కుంచించుకుపోతుంది కూడా.

తర్వాతి రోజులు. మొదటి 24 గంటల్లో భయపడేది లోపల రక్తస్రావం. మెలకువ వచ్చిన పాప మళ్లీ మగతలోకి జారితే వెంటనే సీటీ తీస్తారు. తూలు, చేతి వణుకు, తల తిప్పితే వాంతి మొదటి వారం ఆపరేషన్‌కు ముందుకంటే ఎక్కువగా ఉండవచ్చు. ఇది మామూలే, ఫిజియోథెరపీతో వారాల్లో తగ్గుతుంది. దగ్గకుండా గుటక వేస్తోందని చూశాకే నోటితో నీళ్లు ఇవ్వాలి. ప్రేమతో రహస్యంగా ఒక చెంచా ఇవ్వడం వల్ల అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు.

ఒక విషయం ముందే తెలిసి ఉంటే గుండె పగలదు. ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు మాట్లాడి, ఆ తర్వాత పిల్లలు ఒక్కసారిగా మాట మానేయడం ఉంది. పలకరు, ఏడుస్తూనే ఉంటారు, ఒళ్లు మెత్తబడుతుంది. దీన్ని సెరిబెల్లార్ మ్యూటిజం అంటారు. నడిమధ్య గడ్డల్లో, ముఖ్యంగా మెడులోబ్లాస్టోమాలో సుమారు నలుగురిలో ఒకరికి వస్తుంది. మీ పాపకు గడ్డ పక్క భాగంలో ఉంది కాబట్టి అవకాశం చాలా తక్కువ. వచ్చినా మాట వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది, కొందరిలో మాట కొంత నెమ్మదిగా ఉండిపోతుంది. స్పీచ్ థెరపీ వార్డులోనే మొదలుపెట్టించండి.

గాయం సంగతి. దిండు తడిసినా, కుట్ల నుంచి నీళ్లలాంటిది కారినా అది చెమటని వదిలేయకండి. సీఎస్ఎఫ్ లీక్ అయితే ఆ దారినే సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. మెడ వెనక మెత్తగా ఉబ్బితే చర్మం కింద సీఎస్ఎఫ్ చేరినట్టు. చాలావరకు బిగుతు కట్టుతో, తల ఎత్తులో పెట్టి పడుకోబెడితే తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతూ ఉంటే లోపల హైడ్రోకెఫలస్ (వెంట్రికల్స్‌లో నీరు నిలిచి ఉబ్బడం) మిగిలి ఉందేమో చూడాలి. ఊరికి వెళ్లాక ఆ ఉబ్బును అక్కడి క్లినిక్‌లో సూదితో గుచ్చనివ్వకండి. మూడో రోజు నుంచి పదో రోజు మధ్య జ్వరం, తలనొప్పి, మెడ పట్టేయడం వస్తే సీఎస్ఎఫ్ పరీక్ష చేస్తారు. కొందరిలో కల్చర్‌లో (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగదు. సిస్టు ద్రవం, రక్తం పొరలను మండించడం వల్ల వచ్చే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అది, స్టెరాయిడ్ తగ్గించే రోజుల్లో బయటపడుతుంది. ఫలితం తేలేవరకు యాంటీబయాటిక్ ఇవ్వడం సరైనదే.

ఇప్పుడు ఆ పిల్లాడి డబ్బీ గురించి. మీరు చెప్పినదాన్ని బట్టి అతనిది క్రేనియోఫారింజియోమా అయి ఉండాలి. హార్మోన్లు వదిలే పిట్యూటరీ గ్రంథి పైన, కంటి నరాల పక్కన, హైపోథాలమస్‌ (దాహం, ఆకలి, నిద్రను నడిపే మెదడు భాగం)కు అతుక్కుని పెరిగే గడ్డ. దీనిలో నీరు ఊరేది గోడ నుంచే, అంటే గోడే గడ్డ. ఆ గోడ అతుక్కున్న చోట్లు ఎలాంటివంటే, లాగి తీస్తే చూపు పోవచ్చు, దాహం ఆకలి నిద్ర అదుపు తప్పవచ్చు. లోపలి ద్రవం ఇంజన్ ఆయిల్ రంగులో, కొలెస్టరాల్ స్ఫటికాలతో మెరుస్తూ ఉంటుంది. అది బయటికి చిందితే పొరలు మండిపోయి తీవ్రమైన కెమికల్ మెనింజైటిస్ వస్తుంది. ఇలాంటిచోట సిస్టులోకి సన్నని గొట్టం పంపి, దాని పై కొసను తలచర్మం కింద చిన్న రిజర్వాయర్‌కు కలుపుతారు. పాకిస్తాన్‌లో పుట్టిన న్యూరోసర్జన్ అయూబ్ ఓమయా 1963లో ఈ పరికరాన్ని ప్రచురించారు, ఆయన పేరుతోనే ఓమయా రిజర్వాయర్ అంటారు. చూపు తగ్గినప్పుడల్లా చర్మాన్ని శుభ్రం చేసి సన్నని సూదితో గుచ్చి ద్రవం తీస్తారు. నయం చేయడానికి కాదు, చూపు కాపాడుతూ రేడియేషన్‌కు, లేదా పిల్లవాడు ఇంకాస్త పెద్దవాడయ్యేందుకు సమయం కొనడానికి. గొట్టం చివర సిస్టులోంచి జారినా, పక్కకు లీకయినా, మూసుకున్నా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా పని చెడుతుంది. కొన్నిచోట్ల ఆ దారిలోనే బ్లియోమైసిన్ వంటి మందు సిస్టులోకి ఎక్కిస్తారు. అది మెదడులోకి లీకైతే చాలా హాని, అందుకే ముందు కాంట్రాస్ట్ ఎక్కించి లీకు లేదని చూస్తారు. మీ పాపకు నీరు ఊరే నాడ్యూల్ సురక్షితంగా తీయగలిగే చోట ఉంది. అతనికి లేదు. తేడా అంతే.

ఆ పిల్లాడి ఇంటివాళ్లతో మీకు మాట ఉంటే ఇవి చెప్పండి, వాళ్లకు పనికొస్తాయి. ఆ గడ్డకు ఆపరేషన్ అయితే సోడియం మూడు దశల్లో ఊగవచ్చు. మొదటి రోజుల్లో మూత్రం ధారలా పోతుంది, సోడియం 145 దాటుతుంది. మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్ ఇస్తారు. నాలుగో, ఐదో రోజు నుంచి ఒంట్లో నీరు ఉల్టాగా నిలిచిపోయి సోడియం 135 కిందికి జారుతుంది. ఆ సమయంలో పాత మోతాదు డెస్మోప్రెసిన్ అలాగే కొనసాగితే ఫిట్స్ వస్తాయి. వారం పది రోజుల తర్వాత మళ్లీ ధార మొదలై అది శాశ్వతం కావచ్చు. అందుకే తాగింది ఎంత, పోసింది ఎంత అని కొలగిన్నెతో రాయాలి. పిట్యూటరీ దెబ్బతిని హైడ్రోకార్టిసోన్ వాడే పిల్లలకు జ్వరం వస్తే మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ వేయించాలి, ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టేముందు కార్టిసాల్ హార్మోన్ లోటు సరిచేయాలి. హైపోథాలమస్ దెబ్బతింటే ఆపలేని ఆకలితో బరువు పెరుగుతారు. అది పిల్లాడి తిండిపోతుతనం కాదు, తిట్టకండి. రేడియేషన్ మామూలుగా 54 గ్రే, 30 రోజుల మోతాదుల్లో ఇస్తారు. ఆ వారాల్లో సిస్టు ఉబ్బి చూపు నొక్కవచ్చు కాబట్టి మధ్యలో ఎమ్మారై తీస్తూ ఉండాలి. ప్రోటాన్ కావాలంటే చెన్నై తరమణిలో అపోలో ప్రోటాన్ సెంటర్ 2019 నుంచి ఉంది. ఎక్కువగా పెద్దవాళ్లకు వచ్చే పాపిల్లరీ రకంలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటే మాత్రలతోనే గడ్డ బాగా కుంచించుకుపోతోందని 2023లో వచ్చిన అధ్యయనంలో తేలింది. పిల్లల్లో వచ్చే రకం వేరు, దానికి ఈ మాత్రలు పనిచేస్తాయని తేలలేదు.

షంట్ మాటకు వస్తాను. గడ్డ తీసినా, దారి తెరుచుకున్నా కొందరు పిల్లల్లో సీఎస్ఎఫ్ మళ్లీ పీల్చుకోవడం సరిగా జరగదు. అలాంటివాళ్లకు ఈటీవీ లేదా వీపీ షంట్. వీపీ షంట్ వెంట్రికల్ నుంచి చర్మం కిందుగా కడుపులోకి వెళ్లే గొట్టం, మధ్యలో వాల్వు. షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చాబ్రా షంట్ ధర తక్కువ. ఉగాండాలో పిల్లల మీద జరిగిన పోలికలో విదేశీ షంట్‌తో ఏడాది ఫలితాల్లో తేడా కనబడలేదు. కాబట్టి ఖరీదైనది కొనలేకపోయామని బాధపడకండి. పిల్లల్లో షంట్లు మొదటి ఏడాదిలోనే పదింట మూడు నాలుగు మొరాయిస్తాయి, మూసుకోవడం వల్ల గానీ ఇన్‌ఫెక్షన్ వల్ల గానీ. పాత తలనొప్పి, వాంతి తిరిగి వస్తే అజీర్తి అని మూడు రోజులు చూడకుండా అదే రోజు స్కాన్ చేయించాలి. వేసిన షంట్ సాధారణంగా ఉండిపోతుంది, పాప స్కూలుకు వెళ్తుంది, ఆడుకుంటుంది. అందుకే గడ్డ తీయకముందే తొందరపడి షంట్ వేయడం నాకు నచ్చదు. అవసరం తేలకముందే జీవితాంతపు బాధ్యత మెడకు కట్టినట్టు అవుతుంది. సోమవారం షంట్ మాత్రమే వేసి గడ్డను నెల తర్వాత చూద్దామంటే కారణం అడగండి.

ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లోపు ఎమ్మారై తీయించడం చాలా ముఖ్యం. తర్వాత తీస్తే మానుతున్న గాయం కూడా వెలుగుతుంది, మిగిలిన గడ్డకూ దానికీ తేడా చెప్పలేరు. ఆ పైన మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి. పాత సిస్టు చోట నల్లని ఖాళీ, అందులో సీఎస్ఎఫ్ కనిపిస్తే అది గడ్డ తిరిగి రావడం కాదు. కొత్తగా వెలిగే ముక్క, మళ్లీ ఉబ్బుతున్న సిస్టు ఉంటేనే ఆలోచించాలి. అప్పుడు కూడా మొదట అడగాల్సింది రెండో ఆపరేషన్ వీలవుతుందా అని. వీలుకాకపోతే కార్బోప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లేదా బీరాఫ్ దారిని ఆపే మందులు. పాప వయసులో రేడియేషన్ చివరి మాట. పాథాలజీ రిపోర్టులో గ్రేడ్‌తో పాటు బీరాఫ్ ఫ్యూజన్ (ఆ జన్యువు ఇంకోదానితో అతుక్కోవడం) పరీక్ష చేశారో లేదో చూడండి. తీసిన గడ్డ ముక్కలను దాచే మైనపు బ్లాకులు ఎక్కడున్నాయో, ఎన్నాళ్లు ఉంచుతారో కనుక్కోండి. ఐదేళ్ల తర్వాత మందు కావాల్సి వస్తే పరీక్ష చేసేది వాటి మీదే.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను. ఆంధ్రా కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవ కింద బెంగళూరులో ఏయే ఆసుపత్రులు గుర్తింపులో ఉన్నాయో, ఈ ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో అడ్మిషన్ ముందే ఆరోగ్యమిత్ర దగ్గర కనుక్కోండి, చేరాక అడిగితే అనుమతికి రోజులు పోతాయి. ఫిల్ములు కాదు, ఎమ్మారై సీడీ అడిగి తీసుకోండి. సర్జన్ తెరమీద తిప్పి చూడాల్సింది అదే. పాప బరువు, ఇప్పటిదాకా వాడిన మందుల మోతాదులు, అలర్జీలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

సోమవారం సర్జన్‌ను కలిసినప్పుడు ఇవి అడగండి: గోడ వెలుగుతోందా, అయితే తీస్తారా? నాడ్యూల్ మెదడు కాండానికి ఎంత దూరంలో ఉంది? ఆపరేషన్ రోజే ఈవీడీ వేస్తారా, వేస్తే ఎప్పుడు తీస్తారు? ఐసీయూలో రాత్రి సీటీ అవసరమైతే ఆ ఆసుపత్రిలోనే తీస్తారా? మొదటి ఎమ్మారై ఏ రోజు?